టీచ్, ఇన్‌ఫార్మ్, ఎడ్యుకేట్, ఎన్‌లైటెన్: ఆఫీసు మెయిల్‌లో ఏ మాట ఎక్కడ రాయాలి?

చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో పనిచేస్తున్నారు. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే బాధ్యత ఈమధ్యే మీకు ఇచ్చారు. ఒక మెయిల్‌లో "ప్లీజ్ ఎన్‌లైటెన్ మి ఆన్ ద స్టేటస్" అని, ఇంకోదాంట్లో "ఐ ఎడ్యుకేటెడ్ ద క్లయింట్" అని రాశారు. మేనేజర్ పిలిచి ఈ మాటలు మార్చమన్నారు కానీ, తప్పేమిటో చెప్పలేదు. అందుకని నేర్పడం, తెలియజేయడం అనే అర్థాలకు ఇంగ్లీషులో ఉన్న మాటల లిస్టు కావాలని అడిగారు.

లిస్టు ఇవ్వను. అలాంటివి నెట్‌లో బోలెడున్నాయి. టీచ్, ఎడ్యుకేట్, ఇన్‌స్ట్రక్ట్, ఇన్‌ఫార్మ్, ఎన్‌లైటెన్ అన్నీ ఒకే అర్థమన్నట్టు వరుసగా పేర్చి ఉంటాయి. మీకు ఈ ఇబ్బంది తెచ్చిపెట్టింది కూడా అలాంటి లిస్టే అని నా అనుమానం. బెంగళూరులో ఐటీ ఉద్యోగులకు ఆఫీసు ఇంగ్లీషు నేర్పడం చాలా ఏళ్లుగా నా పని. అనంతపురం నుంచి, కడప నుంచి, నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పిల్లలు పనిలో ఎవరికీ తీసిపోరు. కానీ ఒక్క మాట అటూ ఇటూ అయితే, అవతలివాడికి వాళ్లు పొగరుగా మాట్లాడినట్టో, వెటకారం చేసినట్టో వినిపిస్తుంది. వాళ్ల మనసులో ఆ ఉద్దేశం లేశమంత కూడా ఉండదు. ఈ అన్యాయం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ కుటుంబంలో ఏ మాట ఎదురైనా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఆ క్రియ తర్వాత వెంటనే వచ్చేది మనిషా, విషయమా? రెండు, ఆ మాట వాడితే ఇద్దరిలో ఎవరు పైన ఉన్నట్టు, ఎవరు కింద ఉన్నట్టు? మొదటిది వ్యాకరణం, రెండోది మర్యాద. మీ మేనేజర్ అభ్యంతరం రెండోదాని గురించి. కానీ మొదటిదాంట్లో మనవాళ్లు చేసే తప్పులే ఎక్కువ కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

అసలు చిక్కు మన "చెప్పు" దగ్గర ఉంది. కబురు చెప్తాం, కథ చెప్తాం, పాఠం చెప్తాం, సలహా చెప్తాం, దారి చెప్తాం, పని చెప్తాం, కోపం వస్తే బుద్ధి చెప్తాం. "మా అమ్మ ట్యూషన్లు చెప్తుంది", "టెన్త్‌లో మాకు లెక్కలు చెప్పింది ఈయనే". ఇన్ని పనులు ఒక్క క్రియతో గడిచిపోతాయి. ఇంగ్లీషులో అదే చోట్ల టెల్, టీచ్, అడ్వైజ్, డైరెక్ట్, ఇన్‌స్ట్రక్ట్ అని క్రియ మారిపోతుంది. "మై మదర్ టెల్స్ ట్యూషన్స్" అన్న వాక్యం పుట్టింది ఇందువల్లే. "మై మదర్ టీచెస్ మ్యాథ్స్ ఎట్ హోమ్" అంటే సరిపోతుంది. అమెరికా క్లయింటుతో మాట్లాడేటప్పుడు ట్యూషన్ అనే మాటే వద్దు. వాళ్లకు ట్యూషన్ అంటే కాలేజీకి కట్టే ఫీజు. "షి ట్యూటర్స్ స్కూల్ కిడ్స్" అంటే వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు మనిషా, విషయమా అన్న సంగతి. ఇంగ్లీషులో ఈ క్రియలు మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి.

కొన్ని క్రియలకు పక్కన మనిషే కావాలి. ఇన్‌ఫార్మ్, నోటిఫై, బ్రీఫ్, అడ్వైజ్, ఇన్‌స్ట్రక్ట్, ట్రెయిన్, ఎడ్యుకేట్, ఎన్‌లైటెన్, అప్రైజ్ ఈ జాతివి. "ఐ ఇన్‌ఫార్మ్‌డ్ రవి" అనాలి. మధ్యలో "టు" రాకూడదు. విషయం చెప్పాలంటే తర్వాత "ఆఫ్" గానీ "అబౌట్" గానీ "దట్" గానీ పెట్టి చెప్తాం: "ఐ ఇన్‌ఫార్మ్‌డ్ రవి ఆఫ్ ద డిలే". బ్రీఫ్‌కు "ఆన్" వస్తుంది: "షి బ్రీఫ్డ్ ద టీమ్ ఆన్ ద న్యూ రిలీజ్".

కొన్నింటికి పక్కన విషయమే కావాలి, మనిషి "టు" పట్టుకుని వెనక వస్తాడు. ఎక్స్‌ప్లెయిన్, డెమాన్‌స్ట్రేట్, అనౌన్స్, క్లారిఫై, కన్వే, డిస్క్రయిబ్, సజెస్ట్ ఈ జాతివి. "ఎక్స్‌ప్లెయిన్ మి ద ఇష్యూ" తప్పు, "ఎక్స్‌ప్లెయిన్ ద ఇష్యూ టు మి" ఒప్పు. మారతహళ్లిలో దిగిన ప్రతి కొత్త కుర్రాడూ వాట్సాప్ గ్రూపులో పెట్టే "సజెస్ట్ మి ఎ గుడ్ పీజీ" కూడా ఇదే తప్పు. "కెన్ యూ సజెస్ట్ ఎ గుడ్ పీజీ?" అంటే చాలు, "మి" అక్కర్లేదు.

టీచ్, టెల్, షో మాత్రం సర్దుకుపోయే రకం. "షి టాట్ మి జావా" అనొచ్చు, "షి టాట్ జావా టు ఫ్రెషర్స్" అనీ అనొచ్చు.

ఎందుకిలా? ఇంగ్లీషులోకి మాటలు రెండు పెద్ద దారుల్లో వచ్చాయి. టీచ్, టెల్, షో, గివ్, సెండ్ లాంటి పొట్టి మాటల్లో ఎక్కువ భాగం పాత ఇంగ్లీషులోనే ఉన్నవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి, దాంతోపాటు లాటిన్ మాటలు కొన్ని శతాబ్దాలపాటు వచ్చి చేరుతూనే ఉన్నాయి. ఎక్స్‌ప్లెయిన్, డెమాన్‌స్ట్రేట్, అనౌన్స్, సజెస్ట్ ఆ తరహావి. మనిషినీ విషయాన్నీ "టు" లేకుండా పక్కపక్కనే పెట్టే సౌకర్యం పాత పొట్టి మాటలకు ఎక్కువ, తర్వాత వచ్చిన పొడుగు మాటలకు తక్కువ. ప్రామిస్, ఆఫర్ లాంటి మినహాయింపులు ఉన్నాయి. అయినా ఈ గుర్తు చాలా చోట్ల పనికొస్తుంది.

అనుమానం వస్తే ఒక పరీక్ష చేయండి. మనిషిని ముందు పెట్టి "వాజ్" చేర్చి చూడండి. "ఐ వాజ్ ఇన్‌ఫార్మ్‌డ్" నిలబడుతుంది, "ఐ వాజ్ టాట్" నిలబడుతుంది. "ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్" నిలబడదు, "ఇట్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి" అనాల్సిందే. మనిషి ముందు నిలబడగలిగితే, ఆ క్రియ తర్వాత మనిషిని "టు" లేకుండా పెట్టొచ్చని అర్థం.

"ఇన్‌ఫార్మ్‌డ్ టు హిమ్" అనే తప్పు మనకు ఎక్కడిదో చెప్పక్కర్లేదు, "అతనికి తెలియజేశాను"లోని "కి"నే. బెంగళూరులో దీనికి ఇంకో ఇబ్బంది తోడవుతుంది. పక్క సీట్లో కన్నడ సహోద్యోగి కూడా "అవనిగె తిళిసిదె" అనే ఆలోచిస్తాడు. అతని "గె"కూ మన "కి"కీ తేడా లేదు. చెన్నై నుంచి వచ్చినవాళ్లదీ అదే దారి. కాబట్టి ఆఫీసులో అందరూ "ఇన్‌ఫార్మ్‌డ్ టు" అనే అంటారు, ఎవరి చెవికీ అది తప్పుగా తగలదు. లండన్ నుంచి కాల్‌లో ఉన్నవాడికి మాత్రం తగులుతుంది.

మన భాషల మీద చిన్నచూపుతో ఈ మాట అనడం లేదు. నిజానికి ఈ విషయంలో తెలుగు ఎంత పొందికైనదో చూడండి. నేర్చు, నేర్పు. తెలియు, తెలుపు. నేర్చుకునేవాడి పనీ నేర్పేవాడి పనీ ఒకే ధాతువు నుంచి వస్తాయి, చివర మాత్రం మారుతుంది. ఇంగ్లీషులో లర్న్ వేరు, టీచ్ వేరు. పూర్వం లర్న్‌ను నేర్పడం అనే అర్థంలో కూడా వాడేవారు, కొన్ని మాండలికాల్లో ఇప్పటికీ ఉంది. కానీ ప్రామాణిక ఇంగ్లీషులో "హి లర్న్‌ట్ మి డ్రైవింగ్" తప్పే. మన తెలియు, కన్నడ తిళి, తమిళ తెళి ఒకే మూలానికి చెందినవి. ఆ మూలానికి తేటపడటం అని అర్థం. ఇంగ్లీషు క్లారిఫైకి మూలమైన లాటిన్ మాటకూ అదే అర్థం, స్పష్టమైనది అని. తెలియజేయడమంటే తేటపరచడం అన్న ఊహ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషా కుటుంబాలకూ వచ్చిందన్నమాట.

ఇక మీ మేనేజర్ అభ్యంతరం సంగతి.

ఎడ్యుకేట్ లాటిన్‌లో పిల్లల్ని పెంచి పెద్ద చేయడం అనే అర్థంలోంచి వచ్చింది. ఆ పెంపకం వాసన ఇప్పటికీ పోలేదు. ఏళ్ల తరబడి సాగే చదువుకు గానీ, పెద్ద ఎత్తున జనానికి అవగాహన కల్పించే పనికి గానీ అది బాగా నప్పుతుంది. "ఎడ్యుకేట్ ద పబ్లిక్ అబౌట్ డెంగీ" అంటే ఎవరూ నొచ్చుకోరు. ఒక మనిషిని చూపించి "ఐ ఎడ్యుకేటెడ్ హిమ్" అంటే మాత్రం, వాడికేమీ తెలియదు, నేను కూర్చోబెట్టి నేర్పాను అన్నట్టు ఉంటుంది. మీ వాక్యంలో ఆ మనిషి డబ్బు కట్టే క్లయింటు. "ఐ ఎక్స్‌ప్లెయిన్డ్ ద ప్రాసెస్ టు ద క్లయింట్" అనండి. లేదా "ఐ వాక్డ్ ద క్లయింట్ త్రూ ద ప్రాసెస్" అనండి. రెండోది ఇంకా బాగుంటుంది. పక్కనే ఉండి ఒక్కో మెట్టూ చూపించినట్టు ఉంటుంది, ఎవరి హోదా తగ్గదు.

ఇన్‌స్ట్రక్ట్‌తో ఇంకా జాగ్రత్త. దానికి నేర్పడం అనే అర్థం ఉంది, ఆజ్ఞాపించడం అనే అర్థమూ ఉంది. డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌లో మొదటిది, ఆఫీసు మెయిల్‌లో దాదాపు ఎప్పుడూ రెండోది. "మై మేనేజర్ ఇన్‌స్ట్రక్టెడ్ మి టు క్లోజ్ ద టికెట్" సరే. "ఐ ఇన్‌స్ట్రక్టెడ్ మై మేనేజర్" అని పొరపాటున కూడా రాయకండి. పైవాళ్లకైనా సమానులకైనా టెల్, ఇన్‌ఫార్మ్, అప్‌డేట్ చాలు.

ఎన్‌లైటెన్ కథ వేరు, ఇది కొంచెం ఆగి చూడాల్సిన మాట. దానిలోనే వెలుగు ఉంది. యూరప్‌లో 17వ శతాబ్దం చివరి నుంచి 18వ శతాబ్దం దాకా సాగిన ఆలోచనా విప్లవానికి ఎన్‌లైటెన్‌మెంట్ అని పేరు. 1784లో జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ అసలు ఎన్‌లైటెన్‌మెంట్ అంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబుగా ఒక వ్యాసం రాశాడు. ఇతరుల చెయ్యి పట్టుకోకుండా సొంత బుద్ధిని వాడే ధైర్యం తెచ్చుకోవడమే అది అని ఆయన వాదన. బుద్ధుడి బోధికి కూడా ఇంగ్లీషులో ఎన్‌లైటెన్‌మెంట్ అనే పేరే స్థిరపడింది. మన వైపు ఊహ వేరు. బోధి, బోధన, బుద్ధి, బుద్ధుడు అన్నీ సంస్కృతంలో "బుధ్" అనే ధాతువు నుంచి వచ్చాయి. మేలుకోవడం, తెలుసుకోవడం దాని అర్థం. వాళ్లు వెలిగించారు, మనం మేల్కొలిపాం. నాకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడటం చాలా ఇష్టం.

అంత బరువున్న మాటను టికెట్ స్టేటస్ కోసం వాడితే ఏమవుతుందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. "ప్లీజ్ ఎన్‌లైటెన్ మి" అని ఇవాళ ఎవరైనా అంటే, చాలాసార్లు వెటకారంగానే వినిపిస్తుంది. అంత తెలిసినవాడివి కదా, కాస్త నాకూ జ్ఞానోదయం చేయించు అన్న ధోరణి. మీరు వినయంగానే రాశారు, అందులో నాకు సందేహం లేదు. మన పాత ఉత్తరాల ఇంగ్లీషులో అది మర్యాదగానే నడిచింది కూడా. కానీ మెయిల్‌లో మీ ముఖం కనపడదు, గొంతు వినపడదు. "కుడ్ యూ అప్‌డేట్ మి ఆన్ ద స్టేటస్?" అనండి. విషయం అర్థం కాకపోతే "కుడ్ యూ హెల్ప్ మి అండర్‌స్టాండ్ దిస్?" అనండి. అదే మాట విశేషణంగా మాత్రం భేషుగ్గా వాడుకోవచ్చు. ఎవరి ప్రెజెంటేషన్ అయినా నచ్చితే "ఇట్ వాజ్ వెరీ ఎన్‌లైటెనింగ్" అంటే నిజమైన మెచ్చుకోలే.

వెలుగు మాటలు ఇంకా ఉన్నాయి, ఇల్యూమినేట్, ఎలూసిడేట్ వగైరా. ఇవి ఎక్కువగా విషయాన్ని వెలిగిస్తాయి, మనిషిని కాదు. "ఎలూసిడేట్ ద పాయింట్" పరీక్ష పేపర్లకు వదిలేయండి, ఆఫీసులో క్లారిఫై చాలు.

ఎదుటివాళ్లకు నచ్చని నేర్పుడుకు కూడా ఇంగ్లీషులో మాటలున్నాయి. లెక్చర్ అంటే పాఠమూ అవుతుంది, చీవాట్లూ అవుతాయి. మనం "క్లాస్ పీకాడు" అనే చోట వాళ్లు "హి గేవ్ మి ఎ లెక్చర్" అంటారు. ప్రీచ్ అంటే అడక్కుండా నీతులు చెప్పడం. ఇన్‌డాక్ట్రినేట్ అంటే ప్రశ్నించనివ్వకుండా ఒక సిద్ధాంతాన్ని బుర్రలోకి ఎక్కించడం. "ఐ విల్ టీచ్ యూ ఎ లెసన్" బెదిరింపు అని మీకు తెలిసే ఉంటుంది. కొత్తవాళ్లకు సెషన్ మొదలుపెడుతూ ఆ వాక్యం అనకండి.

మీ కొత్త బాధ్యతకు సంబంధించిన మాటలు ఇవి. ట్రెయిన్ అంటే ఒక నిర్దిష్టమైన పనిలో తర్ఫీదు ఇవ్వడం. అందుకే మనుషుల్నే కాదు, కుక్కల్నీ, ఈ ఊళ్లో అయితే మెషీన్ లెర్నింగ్ మోడళ్లనూ ట్రెయిన్ చేస్తారు. కోచ్ మన దగ్గర అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల వల్ల వేరే అర్థం తెచ్చుకుంది, పరీక్ష కోసం రుద్దడం అని. కంపెనీల్లో కోచ్ పని అది కాదు. అతను జవాబులు చెప్పడు, ప్రశ్నలు వేసి మీ చేతే జవాబు రప్పిస్తాడు. ఈ మాట చరిత్ర గమ్మత్తైంది. హంగరీలో కోచ్ అనే ఊళ్లో తయారైన గుర్రబ్బళ్లకు ఆ ఊరి పేరే వచ్చింది. 19వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ను సరదాగా ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టారు.

మెంటార్ ప్రాచీన గ్రీకు కథలో ఒక మనిషి పేరు. ఒడిస్యూస్ యుద్ధానికి వెళ్తూ తన ఇంటిని ఆ స్నేహితుడికి అప్పగిస్తాడు. తర్వాత అథీనా దేవత అతని రూపంలోనే వచ్చి ఒడిస్యూస్ కొడుక్కి దారి చూపిస్తుంది. ఒక సెషన్ చెప్పినంత మాత్రాన మెంటార్ కారు. నెలల తరబడి ఒకరి ఎదుగుదలను కనిపెట్టుకుని ఉంటేనే ఆ మాట రాయండి. రెజ్యూమేలో చాలామంది ఇక్కడే దొరికిపోతారు. "మెంటార్డ్ ఫ్రెషర్స్" అని రాస్తారు, ఇంటర్వ్యూలో వాళ్లెలా ఎదిగారో చెప్పమంటే తడుముకుంటారు. మీరు చేసింది రెండు వారాల ఇండక్షన్ అయితే "ట్రెయిన్డ్" అని రాయండి, అందులో తక్కువేమీ లేదు.

మన ఐటీవాళ్లందరి నోటా ఉండే "కేటీ" నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్‌కు పొట్టి పేరు. "కేటీ ఇచ్చావా?" బెంగళూరులో అందరికీ తెలుసు. బయటి క్లయింటుకు మొదటిసారి రాసేటప్పుడు పూర్తి పేరు రాయండి, లేదా హ్యాండోవర్ అనండి. బ్రీఫ్, డీబ్రీఫ్ మధ్య తేడా కూడా చూసుకోండి. పనికి ముందు మనం చెప్పేది బ్రీఫ్. పని ముగిశాక వచ్చినవాళ్లను కూర్చోబెట్టి జరిగింది అడిగి తెలుసుకునేది డీబ్రీఫ్.

సర్కారీ ఇంగ్లీషు నుంచి మనకు అంటుకున్నవి రెండున్నాయి. ఇంటిమేట్ ఒకటి. "ఐ విల్ ఇంటిమేట్ యూ" మన దేశంలో ఆఫీసు భాష. బయటివాళ్లకు క్రియగా అది సూచనప్రాయంగా చెప్పడం, విశేషణంగా సన్నిహితమైన అని అర్థం. విదేశీ మెయిల్స్‌లో "ఐ విల్ లెట్ యూ నో" అంటే ఏ టెన్షన్ ఉండదు. రెండోది నోటిఫై. గెజిట్‌లో చట్టాన్నో, ఉద్యోగాలనో నోటిఫై చేయడం మనకు అలవాటు. మామూలు మెయిల్‌లో మాత్రం నోటిఫై అయ్యేది మనిషే.

అప్రైజ్, అప్రేజ్ చెవికి దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటిది తెలియజేయడం, రెండోది విలువ కట్టడం, మీ ఏడాది అప్రైజల్ అని మనం పిలిచేది రెండోదాన్నుంచే. "కీప్ మి అప్రేజ్డ్" అని రాస్తే, నాకు విలువ కడుతూ ఉండు అని అడిగినట్టు. "కీప్ మి పోస్టెడ్" రాసుకోండి, గొడవ వదిలిపోతుంది. ఇన్‌ఫర్మేషన్, అడ్వైస్, ఫీడ్‌బ్యాక్ చివర "స్" చేర్చకండి, వీటికి బహువచనం లేదు.

ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. లెర్నర్స్ డిక్షనరీ ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి. ఆల్బర్ట్ హార్న్‌బీ అనే ఇంగ్లీషు టీచర్ జపాన్‌లో పాఠాలు చెప్తూ, అక్కడి విద్యార్థులకు అర్థాలు తెలిసినా వాక్యం కుదరడం లేదని గమనించి, ప్రతి క్రియకూ దాని వాక్య నిర్మాణాన్ని చూపించే నిఘంటువు తన సహచరులతో కలిసి తయారుచేశాడు. అది 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ దాన్ని మళ్లీ ప్రచురించింది. ఇప్పటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసురాలే, నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఎక్స్‌ప్లెయిన్ అని వెతికితే "సమ్‌థింగ్ టు సమ్‌బడీ" అనే నమూనా కనిపిస్తుంది. ఇన్‌ఫార్మ్‌కు "సమ్‌బడీ ఆఫ్ సమ్‌థింగ్" ఉంటుంది. అర్థం కంటే ముందు ఆ నమూనా చూడండి. పక్కన "ఫార్మల్" అని ఉంటే, ఆ మాట చాట్‌లో వాడకండి.

ముందుగా ఇన్‌ఫార్మ్, ఎక్స్‌ప్లెయిన్, బ్రీఫ్, ట్రెయిన్, సజెస్ట్ తీసుకుని, ఒక్కోదానితో మీ సొంత ప్రాజెక్టు గురించి ఒక వాక్యం రాయండి. ఇక్కడ పోస్ట్ చేస్తే చూసి సరిచేస్తాను. క్లయింటు పేరు, ప్రాజెక్టు పేరు మాత్రం తీసేయండి.